దాని మూతి మీద పొడిచినవాళ్లు

1765 జనవరి 12. దక్షిణ ఫ్రాన్స్‌లో జెవోదాన్ సీమ. విల్లారె పల్లెకు పైనున్న గుట్ట మీద ఏడుగురు పిల్లలు ఆవుల్ని మేపుతున్నారు. ఐదుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దవాళ్లకి పన్నెండేళ్లు. అందరికంటే చిన్నవాళ్లకి ఎనిమిది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కర్ర, కర్ర కొసన బిగించిన ఇనప మొన. ఒంటరిగా పోవద్దు, ఉత్తచేతుల్తో పోవద్దు అని పల్లెల్లో ఆ చలికాలమంతా పెద్దవాళ్లు చెప్పి చెప్పి పంపుతున్నారు.

అది ఎటునుంచి వచ్చిందో ఎవరూ చూడలేదు. చూసేసరికే దగ్గరికొచ్చేసింది.

పిల్లలు గుంపుగా చేరారు. గబగబా శిలువ గుర్తు వేసుకున్నారు. జాక్ పోర్తెఫే అనే పన్నెండేళ్లవాడు అందర్నీ నిలబెట్టాడు: గట్టివాళ్లు ముగ్గురూ ముందు, వాళ్ల వెనక ఆడపిల్లలు, ఆ వెనక ఇద్దరు బుడతలు. మృగం వాళ్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అది ఎటు తిరిగితే అటు బరిసెలు తిప్పుతూ, వెనకున్న చిన్నవాళ్లని వీపులతో నెట్టుకుంటూ, కాళ్లు తడబడుతున్నా వరస చెదరకుండా వాళ్లూ తిరుగుతుంటే, అది ఇంకో చుట్టు తిరిగి, ముందువాళ్లని వదిలేసి, వెనకవైపునుంచి ఒక్క ఉదుటున దూకి ఎనిమిదేళ్ల జోసెఫ్ పనాఫియూని పట్టేసింది.

ముగ్గురూ పొడిచారు. మొన దిగలేదు. మళ్లీ పొడిచారు. చర్మం మీద జారిపోయింది. పోటు పోటుకీ అది కాస్త వెనక్కి తగ్గింది. చివరికి పిల్లాణ్ణి వదిలింది, కానీ వాడి కుడిచెంప ముక్క దాని నోట్లోనే ఉంది. వాళ్ల కళ్లముందే దాన్ని మింగింది.

మింగి, మళ్లీ వచ్చింది. ఈసారి జాన్ వెరియే అనే బుడతడి చెయ్యి దాని పళ్లకి దొరికింది. వాణ్ణి ఈడ్చుకుంటూ పరుగెత్తింది. గుంపులో ఒకడికి ధైర్యం చాలింది కాదు. అది వీణ్ణి తింటుండగా మనం పారిపోదామన్నాడు. పోర్తెఫే ఒప్పుకోలేదు. వాణ్ణి విడిపించాలి, లేదంటే అందరం ఇక్కడే చావాలి. ఏడుగురిలో పెద్దవాళ్లే పన్నెండేళ్లవాళ్లు. ఎదురుగా ఉన్నది, అప్పటికే రాజు సైనికులకి నెలల తరబడి చిక్కని మృగం.

ఆ పిల్లల చేతికి బరిసెలు ఎందుకొచ్చాయో తెలియాలంటే ఆరేడు నెలలు వెనక్కి పోవాలి.

1764 ఎండాకాలం మొదట్లో లాంగోన్ దగ్గర ఒకామె పశువుల్ని కాస్తోంది. ఏదో పెద్ద జంతువు మీదికొచ్చింది. కుక్కలు తోక ముడిచి పారిపోయాయి. ఎద్దులు మాత్రం కొమ్ములు వంచి ఎదురు దూకాయి. బట్టలు చిరిగాయి, ఒళ్లు గీరుకుపోయింది, ఆమె బతికింది. ఊళ్లో చెబితే ఎందరు నమ్మారో గానీ, జూన్ 30న దగ్గర్లోని ఉబాక్ పల్లెలో జాన్ బూలే అనే పద్నాలుగేళ్ల అమ్మాయి ఆ జంతువు నోట పడింది. ఆమె చుట్టూ ఎద్దులు లేవు. మర్నాడే పూడ్చిపెట్టారు. చివరి ఘడియల్లో ఫాదర్ చేసే సంస్కారాలు కూడా అందలేదు, అంత హఠాత్తుగా పోయింది.

అక్కణ్ణుంచి ఆగలేదు. ఆగస్టులో, సెప్టెంబర్‌లో, అక్టోబర్‌లో. మేత కాడ పిల్లలు. తోటలో ఆడవాళ్లు. గొర్రెల్నీ ఆవుల్నీ ముట్టకుండా పక్కనున్న మనిషి మీదికే వస్తోందని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. పొడుగు మూతి, ఎర్రటి బొచ్చు, వీపు పొడుగునా నల్లచార. కాస్త గట్టిగా పొడిస్తే వెనక్కి తగ్గుతుందనీ వాళ్లే చెప్పారు. ఈ చివరి మాట మాత్రం కొండ దిగలేదు.

కొండ దిగిన మాటలు వేరు. చావనివ్వని మంత్రం ఉందట. తూటా తగిలినా పడి లేస్తుందట. రాత్రిళ్లు తోడేలు తోలు కప్పుకుని తిరిగే మనిషట. లూగరూ అంటారక్కడ: పగలు మనిషి, రాత్రి తోడేలు. ఆ నేల మీద అది ఆనాటి కథ కాదు, తాతముత్తాతల నాటిది. పోయిన పిల్ల ఎవరి బిడ్డో అందరికీ తెలుసు, చంపిందేమిటో మాత్రం ఎవరికీ తెలీదు. తెలియని ఆ ఖాళీలోకి పాత కథలన్నీ వచ్చి కూచున్నాయి. అప్పుడే అందరికంటే పెద్ద గొంతు ఒకటి లేచింది.

1764 డిసెంబర్ 31. మాంద్ పట్టణపు బిషప్ తన సీమలోని చర్చిలన్నింటికీ ఒక లేఖ పంపాడు. నలభై గంటల ప్రార్థనలు చెయ్యమన్నాడు. రాతిగోడల చర్చిల్లో, ఊపిరి పొగలా కనిపించే చలిలో, బిడ్డని పోగొట్టుకున్న తల్లులూ రేపు ఎవరి బిడ్డో అని వణికే తల్లులూ పక్కపక్కనే మోకాళ్ల మీద కూచుని ఉండగా, ఈ మృగం దేవుడి కోపం, మీ పాపాలకి శిక్ష, పిల్లల్ని మీరు పెంచిన తీరుకి ఫలితం అని ఆ లేఖ వాళ్లకి వినిపించింది. బిడ్డ పోయిన ఇంటికి అందిన ఓదార్పు ఇది. అంతకంటే క్రూరమైన మాట ఆ చలికాలంలో ఇంకెవరూ అనలేదు.

శాపం ఖరారైంది. శాపాన్ని ఎవడు పొడుస్తాడు?

సరిగ్గా పన్నెండు రోజులకి, విల్లారె గుట్ట మీద, జాక్ పోర్తెఫే దాని వెంటపడ్డాడు.

మిగతావాళ్లూ పరుగెత్తారు. చెంప చీలిన పనాఫియూ కూడా పరుగెత్తాడు. బుడతణ్ణి లాక్కుపోతున్న మృగాన్ని వాళ్లు బురదనేల వైపు తరిమారు. పొట్ట దాకా దిగబడింది. వేగం తగ్గింది. వెరియేని కాలికింద అదిమిపెట్టి, కరవడానికి మూతి దించింది. ఒళ్లంతా పొడిచి లాభం లేదని అప్పటికి పిల్లలకి అర్థమైంది. మూతి మీద పొడిచారు. కళ్లకి గురి చూశారు. అది నోరు తెరిచి బరిసెల్ని పట్టుకోబోతే నోట్లో పొడిచారు. ఆ కేకలకి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. మృగం పిల్లాణ్ణి వదిలి, ఇంత ఎత్తు ఎగిరి, అవతలున్న వాగులో పడి లేచి, అడవిలో కలిసిపోయింది.

ఏడుగురూ బతికారు.

కబురు వెర్సాయ్ దాకా పోయింది. పదిహేనో లూయీ పోర్తెఫేకి 300 లివ్రలు ఇప్పించాడు. మిగతావాళ్లకి 350 లివ్రలు పంచమన్నాడు. పోర్తెఫే చదువు ఖర్చు కూడా ప్రభుత్వమే భరించింది. ఆవులు కాసిన కుర్రాడు తర్వాత శతఘ్నిదళంలో అధికారి అయ్యాడు. 1785లో, నిండా ముప్పైమూడేళ్లు లేకుండానే పోయాడు. రాజు ఇంకో పని కూడా చేశాడు. మృగాన్ని చంపినవాడికి తన పేరిట 6,000 లివ్రల బహుమతి ప్రకటించాడు. రోజంతా చాకిరీ చేసినా ఒక్క లివ్ర చేతిలో పడని కూలివాళ్ల సీమ అది. ఆ డబ్బు వాసనకి దేశం నలుమూలలనుంచీ వేటగాళ్లు కదిలారు.

వాళ్లకంటే ముందు పత్రికలు కదిలాయి. ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసింది. యుద్ధవార్తలు ఆగిపోయాయి. అవిన్యో నుంచి వెలువడే ‘కూరియే దావిన్యో’ పత్రిక ఈ మృగాన్ని పట్టుకుని వదల్లేదు. బొమ్మలు అచ్చయ్యాయి. ఒక బొమ్మలో గోళ్లు సింహానివి, ఇంకోదాంట్లో పొలుసులు. లండన్ పత్రికలూ రాశాయి. జెవోదాన్‌కి ఎంత దూరం పోతే మృగం అంత పెరిగింది. లండన్‌లో అది ఏనుగంత ఉన్న రోజున, సెంట్ ఆల్బాన్ దగ్గర ఒక తోటలో అది ఒక పేద తల్లి చేతులకి అందేంత దూరంలో ఉంది.

కానీ ఆ తోట కన్నా ముందు మంచు, ఆ మంచులో ఇరవై వేలమంది.

ఫిబ్రవరి 7. అశ్వికదళ కెప్టెన్ దుయమెల్ ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న రోజు. అప్పటికే అన్నీ చేసి చూశాడు. సైనికులకి ఆడవేషాలు కట్టించి ఎరగా కూడా తిప్పాడు. ఇప్పుడు డజన్లకొద్దీ ఊళ్లనుంచి ఇరవై వేలమందిదాకా జనాన్ని కూడగట్టాడు. తెల్లారుతూనే మంచు తొక్కుకుంటూ, కేకలు వేస్తూ, డప్పులు కొడుతూ, ఊరికొక వరసగా జనం కొండల్ని చుట్టుముట్టారు. మృగం లేచింది. త్రుయేర్ నది వైపు పరుగెత్తింది. అవతలి ఒడ్డున మాల్జియూ ఊరివాళ్లు కాపు కాయాలి. ఒడ్డు ఖాళీగా ఉంది. అది నీళ్లలో దూకి, ఈది, ఎవరూ లేని గట్టెక్కి పోయింది. పొద్దుగూకేసరికి ఇరవై వేలమంది కాళ్లు కొంకర్లు పోయి, ఉత్తచేతుల్తో ఇళ్లకి తిరిగారు. మళ్లీ పిల్లల వంతు వచ్చింది.

మార్చి 14. మధ్యాహ్నం. పియేర్ జూవ్ భార్య జాన్ ఇంటి ముందు తోటలో ఉంది. పక్కన ముగ్గురు పిల్లలు. గోడ మీదనుంచి ఏదో దూకింది. తిరిగేలోపే కూతుర్ని పట్టింది. జాన్ చేతిలో ఏమీ లేదు. మీద పడింది. లాగింది. పిల్ల ఊడొచ్చింది. మృగం ఇంకో బిడ్డ మీదికి పోయింది. ఆరేళ్లవాడు. ఆమె దాని వీపెక్కింది, కింద పడింది, లేచి దొరికిన రాయి పెట్టి తల మీద మోదింది, ఎక్కడ పట్టుకోవాలో తెలియక చేతికందిన చోటల్లా పట్టుకుని వేలాడింది, గోళ్లకి చేతులు చీలిపోతున్నా వదల్లేదు, అది పిల్లాణ్ణి నోట కరుచుకుని గోడ దూకినా వదలకుండా వెనకే పరుగెత్తింది. ఇంతలో పెద్దకొడుకు బరిసెతో, కుక్కతో వచ్చిపడ్డాడు. కుక్క దూకింది. మృగం దాన్ని దూరంగా విసిరికొట్టి, పిల్లాణ్ణి వదిలి పోయింది.

ఆరేళ్లవాడు కొన్నాళ్లు బతికాడు. తర్వాత చనిపోయాడు. రాజు ఆ తల్లికీ 300 లివ్రలు పంపాడు.

ఎండాకాలం వచ్చింది. నార్మండీనుంచి వచ్చిన పేరుమోసిన తోడేళ్ల వేటగాళ్లు, దన్వాల్ తండ్రీకొడుకులు, అప్పటికే చేతులెత్తేశారు. జూన్‌లో రాజు తన సొంత తుపాకీదారు ఫ్రాన్స్వా ఆంత్వాన్‌ని దించాడు. కుక్కలు, గుర్రాలు, రాజముద్ర, వెనకాల వేటగాళ్ల దండు. ఆంత్వాన్ పద్ధతైన మనిషి. వచ్చిన రోజునుంచీ ఆయనది ఒకటే మాట: ఇది తోడేలే, ఇంకేం కాదు. వేట సాగుతుండగానే ఆగస్టు 11న పాల్యాక్ ఊరినుంచి ఆయనకి కబురొచ్చింది. ఫాదర్ ఇంట్లో పనిచేసే అమ్మాయి మృగాన్ని పొడిచిందట.

మరీ జాన్ వాలే. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. చెల్లెలితో కలిసి వాగు దాటుతోంది. మృగం అడ్డమొచ్చింది. ఇద్దరూ వెనక్కి రెండడుగులు వేశారు. అది లేచింది. మరీ జాన్ రెండు చేతుల్తో బరిసె బిగించి ఎదురొడ్డి దాని రొమ్ములోకి దించింది. మృగం అరిచింది, ముందుకాలితో గాయాన్ని నొక్కుకుంది, వాగులో పడి దొర్లింది, అవతల మాయమైంది. ఆంత్వాన్ వచ్చి ఆ బరిసె చూశాడు. మొనమీద మూడంగుళాల మేర నెత్తురు అట్టకట్టి ఉంది. అబ్బురపడి ఆమెని జోన్ ఆఫ్ ఆర్క్‌తో పోల్చాడు. చావనివ్వని మంత్రమేమీ లేదు. నెత్తురు కారుతోంది.

ఐదు రోజులకి ఇంకో గొడవ. ఆంత్వాన్ మనుషులు గుర్రాలమీద వస్తూ దారిలో కనిపించిన ముగ్గురు పల్లెటూరివాళ్లని అడిగారు, ముందు నేల గట్టిదేనా అని. గట్టిదే, పొండన్నారు. గుర్రం ఊబిలో దిగబడింది. ముగ్గురూ పగలబడి నవ్వారు. మాట పెరిగింది, తుపాకులు గురిపెట్టుకునే దాకా పోయింది. ఆంత్వాన్ ఆ ముగ్గుర్నీ సోగ్ జైల్లో వేయించాడు. తండ్రి, ఇద్దరు కొడుకులు. తండ్రి పేరు జాన్ షాస్తెల్. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆ పేరు అప్పట్లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

సెప్టెంబర్ 20. షాజ్ మఠం అడవి. ఆంత్వాన్ పెద్ద తోడేలుని కూల్చాడు. 130 లివ్రల బరువు, అంటే అరవై కిలోల పైమాట. పొడిపించుకున్నవాళ్లు, కరిపించుకున్నవాళ్లు వచ్చి చూసి ఇదేనన్నారు. దాన్ని వెర్సాయ్‌కి తరలించారు. రాజసభ చూసింది. మృగం చచ్చిందని రాజు తేల్చేశాడు. పత్రికలు కథ ముగించాయి. ఆంత్వాన్ బహుమతి తీసుకుని ఇంటికి పోయాడు. నవంబర్ ప్రశాంతంగా గడిచింది.

డిసెంబర్‌లో పిల్లలు మళ్లీ దెబ్బతినడం మొదలైంది.

ఈసారి ఎవరూ రాలేదు. రాజు చచ్చిందన్న జంతువు బతికుందని రాజుకి ఎవరు చెబుతారు? సైన్యం లేదు. వేటగాళ్లు లేరు. పత్రికల్లో ఒక్క ముక్క లేదు. 1766 అలాగే గడిచింది. 1767 వసంతంలో చావుల మీద చావులు. మొత్తం లెక్క వందకి అటూఇటూ చేరింది. ఎక్కువమంది పిల్లలు, ఆడవాళ్లు. జూన్‌లో జనం గుంపులుగా మేరీమాత గుళ్లకి యాత్రలు కట్టారు. జూన్ 18న మృగం మళ్లీ కనిపించిందని కబురు అందింది. స్థానిక ప్రభువు, ఇరవై ఏళ్లయినా సరిగా నిండని మార్కీ దాప్షే, చుట్టుపక్కల పల్లెలనుంచి తెలిసినవాళ్లని పోగుచేసి రాత్రికి రాత్రే బయల్దేరాడు. ఆ గుంపులో ఊబి షాస్తెల్ కూడా ఉన్నాడు.

జూన్ 19. మూషే కొండ వాలు. ఉదయం. షాస్తెల్ తనకిచ్చిన చోట నిలబడ్డాడు. కుక్కలు అడవిలోపల మొరుగుతున్నాయి. మొరుగుడు దగ్గరైంది. పొదలు కదిలాయి. అది బయటికొచ్చింది. షాస్తెల్ పేల్చాడు.

పడింది. లేవలేదు.

ఆ ఒక్క తూటా చుట్టూ తర్వాత ఎంత కథ అల్లారో! షాస్తెల్ అప్పుడు ప్రార్థన పుస్తకం చదువుతున్నాడనీ, మృగం ఎదురుగా వచ్చి నిలబడ్డా ప్రార్థన పూర్తిచేసి, కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు తుపాకీ ఎత్తాడనీ, అంతసేపూ అది కదలకుండా నిలబడిందనీ ఊళ్లో చెప్పుకున్నారు. పూర్షే అనే ఫాదర్ 1889లో వేసిన పుస్తకంతో ఆ మాట స్థిరపడిపోయింది. వెండి తూటా ఇంకా ఆలస్యంగా వచ్చింది. మేరీమాత పతకాలు కరిగించి తూటా పోయించాడన్నది 1946లో ఆన్రి పూరా రాసిన నవల పెట్టిన భిక్ష. తోడేలు మనిషికి వెండే మందని ఇప్పుడు సినిమా చూసే ప్రతి పిల్లాడికీ తెలుసు. 2001లో ఈ మృగం మీదే ఫ్రాన్స్‌లో భారీ సినిమా వచ్చింది. దాంట్లో మృగం వెనక కుట్ర ఉంది, రహస్య సంఘం ఉంది. హైనా అన్నవాళ్లున్నారు, మనిషి మేపిన సంకరజాతి కుక్క అన్నవాళ్లున్నారు. అన్నీ మూషే కొండ మీద పడిన ఆ కళేబరాన్ని చూడనివాళ్ల మాటలే.

చూసినవాడు ఒకడున్నాడు. నోటరీ మారెన్. మర్నాడు బెస్క్ కోటలో, జూన్ ఉక్కలో, కుళ్లు వాసన అప్పుడే మొదలవుతుండగా కొలబద్ద పట్టుకుని కూచున్నాడు. మూతి కొలిచాడు. కాళ్లు కొలిచాడు. పళ్లు లెక్కపెట్టాడు. బరువు 109 లివ్రలని రాశాడు. యాభై కిలోలు దాటి కాస్త. ఒంటిమీది పాత గాయాలు ఒక్కొక్కటీ రాశాడు. ఇదివరకు దాని బారినపడి బతికినవాళ్లని పిలిపించి చూపించాడు. వాళ్లు గుర్తుపట్టారు. ఈ కాగితాలు ప్రభుత్వ దస్త్రాల్లో పడి దాదాపు రెండు శతాబ్దాలు ఎవరి కంటా పడలేదు. 1950లలో బయటపడ్డాయి. వాటిలో వెండి లేదు, మంత్రం లేదు, పొలుసులు లేవు. తోడేలు కొలతలకి దాదాపు సరిపోయే పెద్ద జంతువు ఒకటి ఉంది.

కళేబరాన్ని ఊరూరా ఊరేగించి, తర్వాత రాజుకి చూపిద్దామని పారిస్ వైపు తీసుకుపోయారు. వేసవి ఎండకి కుళ్లిపోయింది. పూడ్చేశారు. పరీక్షించడానికి ఇవాళ ఎముక ముక్క కూడా లేదు. షాస్తెల్‌కి సీమ అధికారులు 72 లివ్రలు ముట్టజెప్పారు. రాజు 6,000 అప్పటికే ఆంత్వాన్ తోడేలుకి చెల్లిపోయింది.

షాస్తెల్ తూటా పేలిన వారానికి అవే కొండల్లో ఇంకో తోడేలుని, ఈసారి ఆడదాన్ని, కూల్చారు. దాని మీద ఎవరూ బొమ్మ వెయ్యలేదు, నవల రాయలేదు. చావులు ఆ జూన్‌తో ఆగిపోయాయి.